తాళమూ, తాళంచెవీ

ముప్పైమూడేళ్లు ఉత్పలమాలకూ చంపకమాలకూ గణవిభజన చేయించిన తెలుగు పండితుడు స్కా పంక్ గురించి టపా వ్రాయడమేమిటని మిత్రులు ఆశ్చర్యపోవచ్చు. కారణం మా మనుమడు. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంటులోని మా అబ్బాయి ఇంట ఉన్న రోజుల్లో, వాడు కారులో 'ఆపరేషన్ ఐవీ' అనే బృందం పాటలు పెట్టి, "తాతయ్యా, దీనికి తాళం వెయ్యి చూద్దాం" అన్నాడు. వేశాను. రెండో చరణానికే తప్పాను.

తప్పడంలో వింత లేదు. స్కా జమైకాలో 1950ల చివర పుట్టిన సంగీతం. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కిస్తే, అందులో గిటారు అంకెల మీద మోగదు, అంకెల నడుమ మోగుతుంది. మన అతీత, అనాగత గ్రహాలతో దీనిని పోల్చబోయి విరమించుకున్నాను. అవి పాట ఎత్తుగడకు సంబంధించినవి. ఇది ఆసాంతం సాగే నడక. 1979 ప్రాంతాల ఇంగ్లండులోని కోవెంట్రీ యువకులు దీనికి పంక్ సంగీతపు ఆవేశాన్ని జోడించారు. ఆ సంకరమే తరువాత అమెరికాలో మరింత వేగం పుంజుకొని స్కా పంక్ అయింది.

ఇక బృందం సంగతి. బర్క్‌లీ పక్కన ఆల్బనీ అనే చిన్న ఊరున్నది. 1990 జనగణన నాటికి అక్కడి జనాభా సుమారు 16 వేలు. టిమ్ ఆర్మ్‌స్ట్రాంగ్, మాట్ ఫ్రీమన్ అక్కడ పసితనం నుంచి స్నేహితులు. జెస్సీ మైకేల్స్ గాయకుడుగా, డేవ్ మెల్లో డ్రమ్ము వాద్యకారుడుగా 1987లో బృందం ఏర్పడింది. 1952లో అమెరికా పసిఫిక్ సముద్రంలో జరిపిన అణుపరీక్షల పేరే వారు పెట్టుకున్నారు. 1989లో 'ఎనర్జీ' అనే ఒకే ఒక ఆల్బమ్ వెలువడింది. పేరు పెరుగుతున్న ఆ వేళే, అదే సంవత్సరం మే నెలలో, బృందం విడిపోయింది. వారి ఆయుష్షు రెండేళ్లు. అయినా తరువాతి తరం స్కా పంక్ బృందాలకు ఆ ఆల్బమ్ పెద్దబాలశిక్ష అయింది.

ఇటువంటి కథను మనం సాధారణంగా 'ప్రతిభ' అనే ఒక్క మాటతో ముగిస్తాము. నా అభిప్రాయం వేరు. ప్రతిభ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఆల్బనీ కుర్రవాళ్లకు దానితోపాటు కూతవేటు దూరంలో ఒక గది దొరికింది. బర్క్‌లీలోని గిల్మన్ వీధిలో, 924 నంబరు గల ఆ గదిలో తొలి కచేరీ 1986 డిసెంబరు 31న జరిగింది. నడిపేవారు స్వచ్ఛంద కార్యకర్తలు. మద్యం లేదు, కొట్లాటలు కూడవు, జాతిద్వేషానికి చోటు లేదు, ఏ వయసువారైనా రావచ్చు. తప్పులు వాయించినా వినేవారున్న చోటు అది. తప్పులు వాయించే చోటు లేనివాడు ఒప్పు వాయించేదెన్నడు?

ఆ గది నియమాలన్నీ నాకు నచ్చినవని అనను. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న బృందానికి అక్కడ వేదిక ఇచ్చేవారు కాదు. అక్కడే పెరిగిన గ్రీన్ డే సైతం 1990లలో ఆ కట్టడికి లోబడి, మరల 2015లో అక్కడ పాడింది. మడి ఎవరు కట్టుకున్నా మడే! పాటలూ నాకు పూర్తిగా రుచించలేదు. సగం మాటలు కేకలలో కలిసిపోయాయి. అయితే నాకు రుచించడం ఇక్కడ ప్రశ్న కాదని అర్థమవడానికి అరవై దాటవలసి వచ్చింది.

ఇప్పుడు చెప్పక తప్పని సంగతి. నేను పనిచేసిన ఒక పాఠశాలలో, ఆదివారాలు ఖాళీగా పడి ఉండే ఒక తరగతి గది తాళంచెవి నా సొరుగులో ఉండేది. పదో తరగతి పిల్లలు నలుగురు వచ్చి, "మాస్టారూ, డప్పులూ ఒక పాత హార్మోనియమూ సంపాదించుకున్నాం, రెండు గంటలు గది ఇప్పించండి" అని అడిగారు. సినిమా పాటల వరుసలకు డప్పు దరువు కలిపి ఏదో కొత్తది చేస్తున్నారట. "ముందు పద్యం రాగయుక్తంగా చదవడం నేర్చుకోండి, తరువాత చూద్దాం" అన్నాను. వాళ్లు మళ్లీ అడగలేదు. ద్విపదను జనం ఛందస్సుగా నెత్తికెత్తుకున్న పాల్కురికి సోమనను ఆ వారమే పాఠంగా చెప్పాను. ఆ రెండింటికీ ఉన్న సంబంధం నాకు తోచనే లేదు!

వాళ్లు గొప్ప కళాకారులై ఉండేవారని నేననడం లేదు. కాకపోయే అవకాశమే ఎక్కువ. కాని అది తేల్చవలసినది నా సొరుగు కాదు. మనమూ ఒకనాడు లేఖినిలో తప్పొప్పులు దిద్దుకుంటూ, ఎవరూ పిలవకుండానే వ్రాయడం మొదలుపెట్టినవాళ్లమే గదా. మనకు ఆ చోటు ఎవరో ఉచితంగా ఇచ్చారు.

మీలో ఉపాధ్యాయులున్నారు, గ్రంథాలయాల బాధ్యులున్నారు, అపార్టుమెంటు సంఘాల పెద్దలున్నారు. ఆదివారం మూతబడి ఉండే గది ఒకటి మీ అధీనంలో ఉంటే, తాళంచెవి ఇచ్చి చూడండి. వాళ్లు వేసే తాళం మీకు తప్పుగా వినిపించినా సరే.