సానియా కాలేకపోతే ఆట మానేయాలా?

భుజాన టెన్నిస్ రాకెట్ వేసుకుని వెళ్ళే ఆడపిల్ల కనిపిస్తే చాలు, మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. "ఏమ్మా, నువ్వూ సానియావి అవుతావా?" అని. ప్రేమగానే అడుగుతారు, కాదనను. కానీ ఆ ప్రశ్నలో ఒక షరతు దాగి ఉంది, గమనించారా? అయితే సానియావి అవ్వు, లేదంటే రాకెట్ అటక మీద పడేసి ఎంసెట్ పుస్తకాలు తియ్యి (పేరు ఎప్‌సెట్ అని మారినా మన ఇళ్ళల్లో అది ఎంసెటే లెండి!). ఈ రెంటికీ మధ్య ఇంకేమీ లేనట్టు మాట్లాడతాం. ఉంది. ఆ మధ్యలో ఉన్నవాళ్ళ గురించే నా బాధంతా.

నేను కొండాపూర్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఈ చుట్టుపక్కల బండరాళ్ళు తప్ప ఏమీ లేవని పాతవాళ్ళు చెబుతారు. ఇప్పుడు మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాటి నానక్‌రామ్‌గూడ దాకా ఏ పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయం బ్రోచర్ తిరగేసినా ఈతకొలను, క్లబ్ హౌస్, వాటి పక్కనే పచ్చటి టెన్నిస్ కోర్టు బొమ్మ. సాయంత్రం అయిదింటికి ఆ కోర్టుల్లో చూడండి, ఎనిమిదేళ్ళు, పదేళ్ళ పిల్లలు. అందులో సగం ఆడపిల్లలే. పదో తరగతికి వచ్చేసరికి వాళ్ళలో ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ఇంటర్‌లో చేరాక ఒక్కతి మిగిలితే గొప్ప. ఇది సర్వే కాదు, మా బాల్కనీలోంచి నేను చూసిన లెక్క.

ఆ మిగిలిన ఒక్కతి ఏమవుతుంది? టీవీలో మనం చూసే వింబుల్డన్ ఆ మేడకి పై అంతస్తు. కింద మెట్లు వేరే ఉన్నాయి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్, నడిపే పోటీలవి. ఆడవాళ్ళకి అన్నిటికన్నా కింది మెట్టు పేరు డబ్ల్యూ 15. అంటే పోటీ మొత్తానికి కలిపి బహుమతి సొమ్ము పదిహేను వేల డాలర్లు. దాని పైన 35, 50, 75, 100 అని మెట్లు. డబ్ల్యూ 15లో అయిదు మ్యాచ్‌లు వరసగా గెలిచి కప్పు ఎత్తిన అమ్మాయికి దక్కేది 2,352 డాలర్లు. మన డబ్బుల్లో సుమారు రెండు లక్షలు, అందులో పన్ను పోతుంది. మొదటి రౌండులో ఓడిపోయిన పిల్లకి 147 డాలర్లు. పన్నెండు, పదమూడు వేల రూపాయలు! విమానం టికెట్, హోటలు, తిండి, రాకెట్‌కి తీగలు బిగించే ఖర్చు, అన్నీ ఇందులోంచే. ర్యాంకు సరిపోక క్వాలిఫైయింగ్ రౌండ్లు ఆడి మెయిన్ డ్రాలోకి రాలేకపోయిన పిల్లకి ఆ 147 కూడా ఉండవు.

డబ్బు కోసం కాదు, పాయింట్ల కోసం ఆడతారు ఈ పోటీలు. డబ్ల్యూ 15 గెలిస్తే పదిహేను పాయింట్లు, డబ్ల్యూ 35 గెలిస్తే ముప్పై అయిదు. ఆ పాయింట్లకి కూడా ఏడాదే ఆయుష్షు. 52 వారాలు తిరిగేసరికి రాలిపోతాయి. ఈ వారం సంపాదించినవి వచ్చే ఏడు ఇదే వారం మళ్ళీ సంపాదించుకోవాలి. చెయ్యి బెణికినా, జ్వరం వచ్చినా, నెలసరి నొప్పితో లేవలేకపోయినా క్యాలెండర్ ఆగదు. ట్యునీసియాలో మొనాస్టిర్ అని ఒక ఊరుంది. వారం తర్వాత వారం అక్కడ ఈ చిన్న పోటీలు జరుగుతూనే ఉంటాయి. మన పిల్లలు కూడా అక్కడికి పోయి వారాల తరబడి అదే హోటల్లో ఉండి ఆడతారు. విదేశీ ప్రయాణం అనగానే మనకి గుర్తొచ్చే షికార్లు అక్కడ ఉండవు. కోర్టు, గది, బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోను.

ఐటీఎఫ్ వాళ్ళే 2013 నాటి ఆటని తీసుకుని ఒక పరిశీలన చేశారు. ఆ ఏడాది ప్రొఫెషనల్ పోటీల్లో ఆడిన ఆడవాళ్ళు 4,862 మంది. వాళ్ళలో 2,212 మందికి ఏడాది మొత్తం మీద ఒక్క డాలరు కూడా రాలేదు. ఒక క్రీడాకారిణికి ఏడాది ఖర్చు సగటున 40,180 డాలర్లు, అప్పటి మారకం రేటున ఇరవై లక్షల పైచిలుకు. మగవాళ్ళకి 38,800. చూశారా, మనకే ఎక్కువ! అదీ కోచ్ ఖర్చు కలపకుండా. పెట్టిన ఖర్చు, వచ్చిన ఆదాయం సరిసమానం కావాలంటే ఆడవాళ్ళలో ప్రపంచ ర్యాంకు 253 దగ్గర ఉండాలని తేల్చారు. తర్వాత బహుమతులు కొంచెం పెరిగాయి, పదివేల డాలర్ల పోటీలు పదిహేను వేలయ్యాయి. విమానం టికెట్లు మాత్రం తగ్గాయంటారా?

ఇప్పుడు మన అమ్మాయి సంగతి చెబుతాను. యడ్లపల్లి ప్రాంజల హైదరాబాద్ పిల్ల. జూనియర్‌గా మంచి పేరు తెచ్చుకుంది. పెద్దల పోటీల్లోకి వచ్చి ఒక్కొక్క మెట్టే ఎక్కి 2019లో సింగిల్స్‌లో 265వ ర్యాంకు చేరింది. తర్వాత గాయాల వల్ల చాలాకాలం ఆటకి దూరమైంది. 253 అనే గీతకి పన్నెండు మెట్ల దిగువన ఆగిందన్నమాట. అంటే భూగోళం మొత్తం మీద ఆ పని తనకన్నా బాగా చెయ్యగలిగిన ఆడవాళ్ళు 264 మందే ఉన్నా, ఆ అమ్మాయి చేతినుంచి ఎదురు పెట్టుకోవలసిందే. మన హైటెక్ సిటీలో ఏ కంపెనీలోనైనా, ఏ వృత్తిలోనైనా, ప్రపంచంలో 265వ స్థానంలో ఉన్న ఆడమనిషి ఉంటే ఆవిడ జీతం ఎంతుంటుందో ఊహించండి. ఆవిడని పట్టుకుని "నంబర్ వన్ కాలేదేం?" అని ఎవరైనా అడుగుతారా?

సానియా కథలో కూడా మనం కావలసినంతే గుర్తుపెట్టుకున్నాం. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన మొదటి భారతీయురాలైంది. 2007లో 27వ ర్యాంకు. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచంలోనే మొదటి స్థానం. ఇవన్నీ మనకి కంఠతా వచ్చు. అయితే ఆమె కూడా ఆ కింది మెట్ల పోటీలు ఆడే పైకి వచ్చింది. మన నగరానికే చెందిన జీవీకే సంస్థ, ఆమె ఇంకా ఎవరికీ తెలియని చిన్నపిల్లగా ఉన్నప్పుడే అండగా నిలిచింది. ఇంకో సంగతి. సానియా గెలిచిన ఆ హైదరాబాద్ ఓపెన్ తర్వాతి ఏడాదే బెంగళూరుకి తరలిపోయింది. ఇంట్లో పుట్టిన విజయాన్ని చూసి పండగ చేసుకున్నాం, పోటీని మాత్రం పోగొట్టుకున్నాం.

ఇది ఆడపిల్లల కష్టమే అనుకోకండి. ఐర్లండ్ దేశస్థుడు కానర్ నైలాండ్ అని ఒకాయన ఉన్నారు. 129వ ర్యాంకు దాకా వెళ్ళారు. చిన్న పోటీల్లో ఏళ్ళ తరబడి తిరిగి 2011లో వింబుల్డన్‌కి, యూఎస్ ఓపెన్‌కి అర్హత సంపాదించారు. వింబుల్డన్ మొదటి రౌండులో అయిదో సెట్‌లో 4-1 ఆధిక్యంలో ఉండి ఓడిపోయారు. న్యూయార్క్‌లో జొకోవిచ్‌తో మ్యాచ్ దొరికితే, తిన్న తిండి వికటించి సగంలోనే తప్పుకోవలసి వచ్చింది. ఎంత దురదృష్టమో చూడండి! ఆ జీవితం గురించి ఆయన రాసిన ‘ది రాకెట్’ అనే పుస్తకానికి 2024లో బ్రిటన్‌లో ఆ ఏటి ఉత్తమ క్రీడా గ్రంథం బహుమతి వచ్చింది. ఓడినవాడి మాట వినడానికి అక్కడ ఓ చెవి ఉంది. మన దగ్గర "ఎంత తగలేశారు?" అని అడిగే నోళ్ళే ఎక్కువ.

తల్లులకి తగిలే మాటలు ఇంకా వేరు. ఎండలో నల్లబడిపోతుంది, పెళ్ళికి ఇబ్బంది. మోచేతులు గట్టిపడిపోతాయి. పరాయి ఊళ్ళో రాత్రి పదింటికి మ్యాచ్ ముగిస్తే ఎవరు తీసుకొస్తారు? చివరి ప్రశ్న మాత్రం న్యాయమైనదే. అందుకే చాలా ఇళ్ళల్లో అమ్మ ఉద్యోగానికి సెలవు పెట్టి, తర్వాత ఉద్యోగమే మానేసి, చిన్న రైస్ కుక్కరు, ఆవకాయ సీసా సర్దుకుని వెంట బయల్దేరుతుంది. ఒక కెరీర్ కోసం ఇంకో కెరీర్ ఆగిపోతోంది. ఐటీఎఫ్ లెక్కల్లోకి ఈ ఖర్చు ఎక్కదు.

"ఖర్చుకి తగ్గ ఫలితం ఏదండీ?" అంటారు. మరి కార్పొరేట్ కాలేజీలకి లక్షలు పోసి, తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివించిన పిల్లలందరికీ ఐఐటీల్లో సీట్లొచ్చాయా? రాకపోతే చదువు దండగ అన్నామా? మన కారిడార్‌లోనే మూడేళ్ళు, అయిదేళ్ళు నష్టాల్లో నడిచే స్టార్టప్‌లు ఎన్నో ఉన్నాయి. పెట్టుబడి పెట్టేవాళ్ళకి ఆ నష్టం నేరంగా కనిపించదు. కుర్రాళ్ళు కంపెనీ పెట్టి మూసేస్తే అనుభవం సంపాదించారంటాం. ఆడపిల్ల నాలుగేళ్ళు ఆడి 500వ ర్యాంకులో ఆగిపోతే వయసు వృథా చేసిందంటాం. ఈ రెండు నాలుకలు ఎందుకు?

నేను గుడ్డిగా ఆడించమని చెప్పడం లేదు. దారులున్నాయి. యమలపల్లి సహజనే చూడండి. ఈ హైదరాబాద్ అమ్మాయి అమెరికాలో టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటూ అక్కడి కాలేజీ జట్టుకి ఆడింది. చదువుతో పాటు కోర్టు, కోచింగ్, మ్యాచ్‌లు అన్నీ అక్కడే. తర్వాత ప్రొఫెషనల్ పోటీల్లోకి దిగింది. 2025లో మెక్సికోలో ఒక పోటీలో 2017 యూఎస్ ఓపెన్ విజేత స్లోన్ స్టీఫెన్స్‌ని ఓడించింది. విశాఖ దారిలో పెరిగిన మైనేని సాకేత్ కూడా ఇలాగే అలబామా యూనివర్సిటీకి ఆడి వచ్చినవాడే. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళడం తెలిసిన మన తెలుగిళ్ళకి, ఆటతో డిగ్రీకి వెళ్ళడం ఇంకా కొత్తగానే ఉంది. టెన్త్‌లోనే ఆట మాన్పించే బదులు ఈ సంగతి కాస్త విచారించి చూడమంటాను.

ఇక మిగిలింది కంపెనీల సంగతి. ఒక డబ్ల్యూ 15 పోటీకి బహుమతి సొమ్ము మొత్తం పదమూడు లక్షల చిల్లర. బాల్ బాయ్స్, అంపైర్లు, ఏర్పాట్లు కలుపుకున్నా, ఏటా సినిమావాళ్ళని పిలిచి వార్షికోత్సవాలు చేసుకునే సంస్థలకి అదొక ఖర్చా? ఇలాంటివి మన ఊళ్ళో వరసగా నాలుగు వారాలు పెడితే మన పిల్లలు వీసా లేకుండా, విమానం ఎక్కకుండా, తమ మంచం మీద పడుకుని, అమ్మ చేతి అన్నం తిని పాయింట్లు తెచ్చుకుంటారు. అమ్మ కూడా పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళొచ్చు. హైదరాబాద్‌కి ఐటీఎఫ్ పోటీలు కొత్తేం కాదు, అప్పుడప్పుడు జరుగుతూనే ఉన్నాయి. ఆ అప్పుడప్పుడుతోనే చిక్కు. పిల్లకి కావలసింది వరస.

ఫలితం కావాలనేవాళ్ళకి అదీ చూపిస్తాను. 2025 ఏప్రిల్‌లో పుణేలో బిల్లీ జీన్ కింగ్ కప్ ఆసియా-ఓషియానియా పోటీల్లో మన దేశం రెండో స్థానంలో నిలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. ఆడిన సింగిల్స్ మ్యాచ్‌లన్నీ గెలిచి జట్టుని అక్కడికి చేర్చింది భమిడిపాటి రష్మిక శ్రీవల్లి, మన హైదరాబాద్ పిల్లే. సహజ కూడా అదే జట్టులో ఉంది. నవంబరులో బెంగళూరులో ప్లేఆఫ్స్ ఆడి స్లొవేనియా, నెదర్లాండ్స్ చేతుల్లో ఓడిపోయాం, నిజమే. ఆ ఇద్దరమ్మాయిలూ అక్కడిదాకా వచ్చింది మనం పేరు కూడా పట్టించుకోని ఆ చిన్న చిన్న పోటీలు ఆడే కదా! సానియా 2023లో రిటైరయ్యాక "ఇంకెవరున్నారు?" అని నిట్టూర్చినవాళ్ళు వీళ్ళ స్కోర్లు ఎన్నిసార్లు చూశారు?

టెన్నిస్ డబ్బున్నవాళ్ళ ఆట కదా, దానికి ఇంత గోల ఎందుకని మా ఆడపడుచు అంది. నిజమే, కాదనలేను. కోర్టులు గేట్ల లోపల ఉంటే డబ్బున్నవాళ్ళ ఆటే అవుతుంది మరి. కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్, వినికిడి లేని పిల్ల, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం తెచ్చింది. అలాంటి పిల్లలు ఎంతమంది మన గేట్ల బయటే ఆగిపోతున్నారో!

మా సముదాయంలో కోర్టు పొద్దున పదింటినుంచి సాయంత్రం నాలుగింటిదాకా ఖాళీగా ఉంటుంది. శని, ఆదివారాల్లో ఆ వేళ వాచ్‌మన్ కూతుళ్ళకీ, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ పిల్లలకీ ఇద్దామని, పాత రాకెట్లు నేను పోగుచేస్తానని పోయిన నెల సంఘం మీటింగులో అడిగాను. కోర్టు పాడవుతుందని ఒకరు, లైట్ల బిల్లని ఒకరు అన్నారు. పట్టపగలు లైట్లెందుకో నాకు అర్థం కాలేదు. సెక్రటరీగారు "చూద్దాంలెండి" అన్నారు. ఈ ఆదివారం మళ్ళీ మీటింగుంది. ఇప్పటికి ఏడు రాకెట్లు పోగయ్యాయి.