మన ఖిస్సా మన జబాన్‌లో ఎప్పుడు తీస్తాం?

మన రహమత్ నగర్ గల్లీల నుంచి పొద్దున్నే ఫిలింనగర్ వైపు పోయే పిల్లల్ని చూడండి. ఒకడు లైట్లు మోస్తాడు, ఒకడు సెట్‌కి మేకులు కొడతాడు, ఒకడు అందరికీ చాయ్ అందిస్తాడు. గడ్డం కాస్త దట్టంగా ఉన్నవాడికి జూనియర్ ఆర్టిస్టు వేషం దొరుకుతుంది. పఠానీ సూట్, మెడలో తావీజ్, కళ్లకు సుర్మా. ఏం చేయాలని అడగక్కర్లేదు, విలన్ వెనక నిలబడాలి. ఇంకో రకం వేషం కూడా ఉంది లెండి, హీరో కోసం జాన్ ఇచ్చే దోస్తు. వాడు ఇంటర్వెల్ లోపే చస్తాడు. తెలుగు సినిమాలో మన హాజరీ చాలావరకు ఈ రెండింటి మధ్యే.

ఇండస్ట్రీని తిట్టడానికి ఇది రాయడం లేదు. తిట్టి తిట్టి నోరు నొప్పెట్టింది. నా సవాల్ మనకే. మన ఖిస్సా మనమెందుకు తీయడం లేదు?

ఆఫ్రికాలో సెనెగల్ అనే ముల్క్ ఉంది. అక్కడి జనాభాలో చాలా ఎక్కువమంది కలిమా చదివేవాళ్లే. ఆ దేశపు ఉస్మాన్ సెంబేన్ ఫ్రాన్స్‌లోని మార్సే రేవులో కూలీగా పనిచేశాడు. నవలలు రాశాడు, పేరొచ్చింది. కానీ రాసింది ఫ్రెంచిలో. ఎవరి కష్టం గురించి రాశాడో వాళ్లలో చాలామందికి ఆ కితాబు చదవడం రాదు. ఈ బాధతోనే నలభై ఏళ్లు దగ్గరపడుతున్న వయసులో మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్నాడు. 1963లో 'బోరోమ్ సారెట్' తీశాడు. సుమారు 20 నిమిషాల చిన్న ఫిల్మ్.

డకార్ షహర్‌లో బండి తోలుకునే ఒక గరీబు కథ అది. మొదట్లోనే అతను నమాజ్ చేసుకుని పనికి బయల్దేరతాడు. బండి ఎక్కినవాళ్లలో కొందరు పైసలివ్వరు. తాతముత్తాతల గొప్పలు పాడే ఒకడు ఎదురైతే మురిసిపోయి, సంపాదించింది వాడి చేతిలో పోసేస్తాడు. (ఖాందాన్ ఇజ్జత్ పేరు చెప్పి షాదీలకు అప్పులు చేసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించుకోవచ్చు.) చనిపోయిన పసిబిడ్డను ఎత్తుకొచ్చిన ఒక బాప్‌ని, కాగితాలు సరిగా లేవని ఖబ్రస్తాన్ లోపలికి రానివ్వరు. చివరికి ఒక సూట్‌వాలా, ప్లేటో అనే ధనవంతుల మొహల్లాకు బండి కట్టించుకుంటాడు. అక్కడికి ఇలాంటి బండ్లు రాకూడదు. పోలీసు బండిని జప్తు చేస్తాడు, సూట్‌వాలా జారుకుంటాడు. ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన మనిషి ఒడిలో బిడ్డను పెట్టి, రాత్రికి తినడానికి ఏదో తెస్తానని బీవీ బయటికి వెళ్తుంది. అంతే, ఖతం.

గుట్ట కింద ఉండి జూబ్లీహిల్స్ బంగళాల్లో పనికి పోయే మనకు ప్లేటో అంటే ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు.

సెంబేన్ బాధ మన బాధ కూడా. 1998లో 'జల్‌జలా' కవిత్వం వచ్చింది. 2004లో 'వతన్' కథలు వచ్చాయి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', వేంపల్లె షరీఫ్ 'జుమ్మా', ఇంకా ఎన్నో. మన అమ్మీలు, ఖాలాలు, ఫుప్పూలు తెలుగు సాహిత్యంలోకి ఇజ్జత్‌తో నడిచొచ్చారు. మాషా అల్లాహ్. కానీ ఏ నానిమా గురించి రాశారో ఆ నానిమాకు తెలుగు అక్షరం రాదు. చాలా ఇళ్లలో ఉర్దూ అక్షరమూ రాదు, ఖురాన్ చూసి చదవడం తప్ప. మనవలది ఇంగ్లీష్ మీడియం. మధ్యలో మనం కొద్దిమందిమి ఒకరి కథలు ఒకరం చదువుకుని వాహ్ వాహ్ అనుకుంటున్నాం. అదే నానిమా ఇషా తర్వాత ఫోన్ పట్టుకుందంటే కింద పెట్టదు.

దక్కనీలో ఫిల్ములు రాలేదా అంటారా? వచ్చాయి. 2006లో 'ది అంగ్రేజ్' చూసి నేనూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. మన 'హౌ', మన 'నక్కో' తెరమీద విన్న ఖుషీ చిన్నది కాదు. తర్వాత దానికి నకళ్లు, ఆ నకళ్లకు యూట్యూబులో నకళ్లు. ఇప్పుడెలా తయారైందంటే, 'హౌ' అనగానే జనం నవ్వడానికి రెడీ. మన జబాన్‌లో ఎవరైనా ఏడిస్తే అది కూడా కామెడీ అనుకుంటారు. తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ 1974లోనే 'అంకుర్'లో ఈ యాసతో నవ్వించకుండా మాట్లాడించాడు. అంటే లోపం జబాన్‌లో లేదు.

సినిమా తీయడమే హరామ్ అనే బుజుర్గులున్నారు. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వాల జోలికి పోను. ఫోన్ మాత్రం మన ఇంట్లోకి ఎప్పుడో వచ్చేసింది. మన గురించి వేరేవాళ్లు అనే మాటలు పిల్లలు అందులో రోజూ వింటున్నారు. మన మాట ఒక్కటే అందులో లేదు.

ఆడపిల్లల సంగతైతే ఇంకా ముఖ్యం. జాంబియాలో పుట్టిన రుంగానో న్యోని, ఇంకొకరితో కలిసి 2014లో 'లిసెన్' అనే చిన్న ఫిల్మ్ తీసింది. బుర్ఖా వేసుకున్న ఒక పరదేశీ ఔరత్, కొడుకుని వెంటబెట్టుకుని కోపెన్‌హాగన్ పోలీస్ స్టేషన్‌కి వస్తుంది. షౌహర్ జుల్మ్ నుంచి కాపాడమంటుంది. ఆమె జబాన్ పోలీసులకు రాదు. దుబాసీ నోట్లో పడి ఆమె మాట మారిపోతుంది. మన బెహన్ల మాటకు ఎంతమంది దుబాసీలు! ఒకవైపు టీవీ యాంకర్లు, ఇంకోవైపు మన ఇంటి మగవాళ్లు. అందుకే కెమెరా ఒక అమ్మాయి చేతికివ్వండి అంటున్నాను.

ఆఫ్రికా మనకంత దూరమేమీ కాదు. మాసబ్‌ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ పేరుకు అసలు రూపం ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్. నిజాం ఫౌజ్‌లోని హబ్షీ సిపాయిల మొహల్లా అది. మన బారాత్‌లో మోగే మర్ఫా దరువులో వాళ్ల చేయి ఉంది. ఒక పిల్లవాడు వాళ్ల ఇళ్లకు వెళ్లి ఒక పూట కూర్చుంటే అదో ఫిల్మ్.

ఇంకోటి నేనే చెప్తాను, ఎవరైనా తీసుకోండి. సెంబేన్ 1968లో 'మండాబీ' తీశాడు. ఈసారి తన వాళ్ల జబాన్ వోలోఫ్‌లోనే మాట్లాడించాడు. పారిస్ నుంచి మనీఆర్డర్ వస్తుంది, గుర్తింపు కార్డు లేక దాన్ని మార్చుకోలేక ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు ఇబ్రహీమా అనే ఆయన. మనకైతే కార్డులు బోలెడున్నాయి. ఆధార్‌లో మొహమ్మద్, రేషన్ కార్డులో ఎండీ, ఓటరు లిస్టులో మహ్మద్. ముగ్గురూ ఒక్కడేనని రుజువు చేయడానికి ఒక అబ్బాజాన్ మీసేవా లైన్లో నిలబడ్డ రోజు తీయండి. పది నిమిషాలు చాలు. మ్యూజిక్ వద్దు, ఆ ఫ్యాన్ చప్పుడే ఉండనివ్వండి. కౌంటర్ దగ్గర తెలుగులో, పక్కనున్న బేటీతో దక్కనీలో ఆయన ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడనివ్వండి. కింద తెలుగు సబ్‌టైటిల్స్ వేయండి. పక్కింటివాళ్లు కూడా చూడాలి కదా.