గడి అలంకారము కాదు

వెబ్ పుటలో పట్టికను కూర్చునప్పుడు గడుల రూపమును గూర్చి శ్రమపడుట వ్యర్థమనియు, లోపలి సమాచారము సరిగా నున్నచో చాలుననియు, గీతలు, ఎడములు, రంగులు తీరిక గలవారి వేడుకలే యనియు ఒక అభిప్రాయము మనవారిలో గట్టిగా నాటుకొని యున్నది. బందరులో కంప్యూటరు పని నేర్పువారి నోటను, గుడివాడలో ధరల పట్టికలు పెట్టు వర్తకుల నోటను, దివిసీమలో గ్రామ వివరములను ఎక్కించు యువకుల నోటను నేనీ మాటను విన్నాను. వారు సోమరులు కారు. పని వత్తిడిలో నున్నవారు. ఐనను వారి మాటను నేను అంగీకరింపజాలను. గడి రూపము అర్థములో భాగమనియు, దానిని ఉపేక్షించుట తెలుగు చదువరికి ద్రోహమనియు నా వాదము.

మొదట అక్షరమును చూడుడు. తెలుగు అక్షరము తలపై గుడిని, పాదముల క్రింద ఒత్తును మోయును గనుక దానికి నిలువున ఎక్కువ చోటు కావలయును. పంక్తి ఎత్తును ఆంగ్లమునకు చాలునంత మాత్రమే బిగించి, గడిని మించినదానిని దాచుమని బ్రౌజరునకు ఆజ్ఞ యిచ్చినచో మొదట తెగిపోవునది ఒత్తే. దివిసీమ మండలముల పట్టిక యొకదానిలో దీనిని నేను కన్నులార చూచితిని. కోడూరు, మోపిదేవి, నాగాయలంక చెక్కుచెదరక నిలిచినవి. అవనిగడ్డ 'అవనిగడ' యైనది, చల్లపల్లి 'చలపలి' యైనది. టైపు చేసినవాడు అక్షరమును తప్పలేదు. ఒత్తును కోసినది గడి. ఖతిని మార్చి చూచిరి, ఫలము లేకపోయెను. పంక్తి ఎత్తును పెంచి, గడి లోపలి ఎడమును కొంచెము వదులు చేసినంతనే ఊళ్ల పేర్లు ఊళ్లకు దక్కినవి.

అంకెల సంగతి ఇంతకంటె సూక్ష్మమైనది. మన డెల్టాలో భూమిని ఎకరములలో, సెంట్లలో చెప్పుదురు; నూరు సెంట్లు ఒక ఎకరము. 1.50 అనగా ఎకరము యేబది సెంట్లు, 1.05 అనగా ఎకరము ఐదు సెంట్లు. స్ప్రెడ్‌షీటులో గడిని సాధారణ సంఖ్యగా వదలివేసినచో 1.50 తన చివరి సున్నను రాల్చుకొని 1.5 గా నిలుచును. ఆ గడిని అట్లే తెచ్చి వెబ్ పుటలో అతికించినచో, సెంట్ల లెక్కకు అలవడిన రైతు దానిని ఎకరము ఐదు సెంట్లని చదువుకొనుటలో వింత యేమున్నది? నడుమ పోయినది నలువది యైదు సెంట్ల భూమి. సర్వే నంబరును 5-2 అని టైపు చేసినచో అదే గడి దానిని తేదీగా మార్చివేయును. కావున నంబరు గడిని ముందే 'టెక్స్ట్' అని నిర్ణయించుట, విస్తీర్ణమునకు రెండు దశాంశ స్థానములు బిగించుట, చుక్క క్రింద చుక్క వచ్చునట్లు అంకెలను కుడివైపునకు జరుపుట అలంకరణ యనిపించుకొనవు. అవి పొలము హద్దును కాపాడు పనులు.

ఇక శీర్షికల మాట. డేవ్ రాగెట్ 1996 మే నెలలో వెలువరించిన హెచ్‌టీఎంఎల్ పట్టికల ప్రణాళికలోనే శీర్షిక గడి వేరు, సమాచారపు గడి వేరు అను విభజన యున్నది. మనవారు చేయునదేమనగా, మొదటి వరుసలోని మామూలు గడులకే రంగు పూసి, అక్షరములను లావు చేసి, అదియే శీర్షిక యని తృప్తిపడుట. కన్నున్నవానికి అది శీర్షికయే. చూపులేక తెరచదువరి సాఫ్ట్‌వేరుతో వినువానికి మాత్రము 'ఐదు, రెండు, ఒకటి' అను అంకెలు ఏ శీర్షిక క్రిందివో తెలియక చెవిని పడును. గడులను కలుపుటయు ఇట్టిదే. ఒకే సర్వే నంబరులో ముగ్గురు అనుభవదారులున్నప్పుడు నంబరును ఒక్క పెద్ద గడిగా కలిపినచో చూపునకు ముచ్చటగా నుండును. ఆ పట్టికను వేరొకరు స్ప్రెడ్‌షీటులోనికి తీసికొని పేర్ల వరుసను సరిచేసినప్పుడు రెండవ, మూడవ వారికి నంబరే లేకుండ పోవును.

"ఇంత చిక్కెందుకు? పట్టికను ఫొటో తీసి పెట్టెదము" అను వారున్నారు. ఫొటోలోని పేరు వెదకిన దొరకదు, పెద్దది చేసిన మసకబారును, తెరచదువరికి అది నోరులేని బొమ్మ. కాలము చాలదనుటయు నిలువదు. గడుల అమరిక ఒకమారు చేసి భద్రపరచుకొన్నచో ప్రతి పట్టికకు అదే పనికివచ్చును. ఈ సీమలో చేనిగట్టును అలంకారమను రైతు లేడు. గట్టు తెగిన నీరు నిలువదు, ఒకరి మడి యేదో మరియొకరి మడి యేదో తెలియదు. గడి గీతయు అట్టి గట్టే.

ఇది ఉప్పెన నెరిగిన తీరము. 1864 నవంబరు 1న బందరు మీదికి, 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రము వచ్చి వేలకొలది ప్రాణములను తీసికొనిపోయినది. రేపు తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి, ఏ ఊరివారు ఏ ఆశ్రయ భవనమునకు పోవలెనో తెలుపు పట్టికను ఒక తల్లి ఫోను వెలుతురులో చదువుకొనును. ఆమె ఊరి పేరు ఆ గడిలో పూర్తిగా కనబడవలెను.

కావున పట్టిక కూర్చు ప్రతివారిని నేను కోరునది స్వల్పము. పుటను ప్రకటించుటకు ముందు ఒక గడిలో అవనిగడ్డ అని, మరియొక గడిలో 1.50 అని వ్రాసి, చిన్న ఫోనులో తెరచి చూడుడు. ఒత్తు నిలిచినదా, సున్న మిగిలినదా? ఆ రెండును నిలువని పట్టికను, అది ఎంత అందముగా నున్నను, ప్రజల ముందు పెట్టకుడు.