గేర్‌బాక్సుకి కూలర్ బిగించేముందు రేడియేటర్ కడగండి

ఇయ్యాల మిరప సంగతి కాదు, కారు సంగతి. ఈయనకి పొలం పని అయిపోయిందా, కార్ల మీద పడ్డాడు అనుకోమాకండి. నాలుగైదు నెలల నుంచి ఇదే మాట పదిమంది నన్ను అడిగారు, అందుకే రాస్తన్నా.

మన ఊళ్లల్లో ఆటోమేటిక్ గేర్ల బళ్లు ఎక్కువైనాయి. కొత్తవి కొనేవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏడెనిమిదేళ్లు తిరిగిన పెద్ద బండి సగానికి సగం రేటులో వస్తే తెచ్చుకుంటన్నాం. చలికాలం బాగానే నడుస్తది. మార్చి దాటి ఎండలు ముదిరి, ఏడుగురు కూర్చుని పైన క్యారియర్ మీద సామాను కట్టి శ్రీశైలం బయల్దేరితే, దోర్నాల దాటి ఘాట్ ఎక్కేటప్పుడు అసలు రంగు బయటపడుద్ది. ఇంజన్ అరుస్తది, బండి కదలదు. గేరు మారేటప్పుడు వెనకనుంచి ఎవరో గుద్దినట్టు ఒక కుదుపు. టౌన్‌కి తీసుకుపోతే అక్కడ ఒకటే మందు చెబుతన్నారు.. "గేర్ ఆయిల్ వేడెక్కుతోంది అన్నా, బయట కూలర్ ఒకటి బిగిద్దాం." ఫోన్ తెరిస్తే వీడియోలూ అవే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కూలర్ చెడ్డది కాదు. కానీ అది ఆరోగ్యంగా ఉండి బరువు పని చేసే గేర్‌బాక్సుకి పెట్టే రక్షణ. జబ్బు పడ్డ గేర్‌బాక్సుకి అది మందు కాదు. మన దగ్గర పదిమంది బిగించుకుంటే అందులో ఎనిమిది మందికి అసలు కావాల్సింది నీళ్ల పైపూ, కొత్త ఆయిలూ.

వేడి ఎందుకు పుడుతుందో తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమైద్ది. మామూలు గేర్ల బండిలో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య క్లచ్ ప్లేటు ఉంటది. అసలైన ఆటోమేటిక్‌లో ఆ ప్లేటు స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికి కరెంటు ఇస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుద్ది గదా. అక్కడ గాలి చేసే పని ఇక్కడ ఆయిల్ చేస్తది. మొదటి ఫ్యాను తిరిగినంత వేగంగా రెండోది తిరగదు. ఆ తేడా అంతా ఆయిల్‌లో వేడిగా మారుద్ది. సమంగా ఉన్న హైవే మీద ఒకే వేగంతో పోతుంటే లోపల ఒక క్లచ్ ఆ రెండింటినీ కలిపి బిగిస్తది, అప్పుడు వేడి పెద్దగా ఉండదు. ఘాట్ రోడ్డు, ట్రాఫిక్కు, వెనక బరువు లాగడం.. ఈ మూడిట్లో ఆ బిగింపు ఊడిపోతా ఉంటది, ఆయిల్ కాగుతా ఉంటది.

ఆ ఆయిల్‌ని చల్లబరిచే ఏర్పాటు కంపెనీవాడు ముందే పెట్టి ఉంటాడు. చాలా బళ్లల్లో ఆయిల్ పైపులు రేడియేటర్ దాకా పోతాయి. రేడియేటర్ పక్క డబ్బాలోనో కింద డబ్బాలోనో ఒక చిన్న గొట్టం లాంటిది ఉంటది. లోపల ఆయిల్, చుట్టూ కూలెంట్ నీళ్లు. అంటే గేర్‌బాక్సు చల్లదనం రేడియేటర్ చల్లదనం మీద ఆధారపడి ఉందన్నమాట. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఆ వీడియోలు ఎక్కడివో చూద్దాం. ఎక్కువ భాగం అమెరికావి. అక్కడ పికప్ బండి వెనక పడవ కట్టుకుని, ఇల్లంత ట్రైలర్ కట్టుకుని వందల మైళ్లు పోతారు. మా బంధువుల పిల్లాడొకడు డాలస్ దగ్గర ఉంటాడు. పికప్ కొనేటప్పుడే ట్రైలర్ లాగే ప్యాకేజీ కావాలా అని అడుగుతారంట, చాలా బళ్లకి అందులోనే గేర్‌బాక్సు కూలర్ కూడా వస్తదంట. వాళ్లకి అది న్యాయమైన అవసరం. రెండు మూడు టన్నులు వెనక లాగేవాడికి రేడియేటర్ ఒక్కటే సరిపోదు. మనం ట్రైలర్ కట్టం. మనకి వేడి వేరే దారిన వస్తంది.

ఆ దారి ఏందంటే చెత్త. నవ్వమాకండి. మన బళ్లు తిరిగేది ఎక్కడ? వరి కోత మిషన్ పక్కన, మిరప కల్లాల్లో, పత్తి తీసే చేల గట్ల మీద. ముందు భాగంలో మొదట ఏసీ కండెన్సర్ ఉంటది, దాని వెనక రేడియేటర్. ఆ రెండిటి మధ్య సందులో వరి పొట్టు, పత్తి నూగు, సన్న దుమ్ము, రాత్రిపూట తగిలిన పురుగులు అన్నీ కలిసి దుప్పటిలాగా పేరుకుంటాయి. బయటనుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనపడుద్ది. టార్చ్ లైటు వేసి సందులోకి తొంగి చూడండి, అప్పుడు తెలుస్తది. ట్రాక్టర్‌కైతే రోజూ సాయంత్రం జాలీ తీసి దులుపుతాం. కారు దగ్గరికొచ్చేసరికి బయట రంగు మెరిసేలా తుడిచి వదిలేస్తాం. గాలి లోపలికి పోనప్పుడు రేడియేటర్ ఏం చల్లబడుద్ది, దాంట్లో కూర్చున్న ఆయిల్ ఏం చల్లబడుద్ది?

అట్లాంటి బండికి ముందు ఇంకో కూలర్ బిగిస్తే ఏమైద్ది? ఉన్న గాలి దారికి ఇంకో అడ్డం. పొట్టు పట్టడానికి ఇంకో జాలీ. మొదటి నెల తేడా కనపడుద్ది, కోతల సీజన్ అయ్యేసరికి ఏసీ కూడా సరిగా పనిచెయ్యదు.

కడిగే పద్ధతి కూడా చెబుతా. ఇంజన్ పూర్తిగా చల్లారాక, కుదిరినంతవరకు ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. మామూలు తోట పైపు చాలు. వాటర్ సర్వీసింగ్‌లో వాడే ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఆ సన్న రేకులు వంగి మూసుకుపోతాయి. బాగా పేరుకుంటే కండెన్సర్‌ని కాస్త ముందుకి జరిపి కడిగించుకోవాలి. ఫ్యాను తిరుగుతోందా, కూలెంట్ సరిపడా ఉందా, కూలెంట్ స్థానంలో ఎవరైనా బోరు నీళ్లు పోసి ఉన్నారా.. సెకండ్ హ్యాండ్ బండి అయితే ఇవన్నీ అనుమానించాల్సిందే.

రెండోది ఆయిల్. ఇక్కడ కంపెనీల మీద నాకు కోపం ఉంది. కొన్ని బళ్లకి "గేర్‌బాక్సు ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదు" అని చెబుతారు. ఎవరి జీవితకాలం అయ్యా? మొదటి ఓనర్ దగ్గర ఉన్నన్నాళ్లా? కార్ల కంపెనీలకి ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చేసిచ్చే జర్మనీ వాళ్ల జెడ్‌ఎఫ్ సంస్థే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో, లేదంటే 8 ఏళ్లకి ఆయిల్ మార్చమంటుంది. మన చేతికి బండి వచ్చేదే ఆ సమయానికి. అంటే అరిగిపోయిన ఆయిల్‌తో మొదలుపెట్టి, 44 డిగ్రీల ఎండలో ఘాట్ ఎక్కించి, తప్పు కూలర్ లేకపోవడంలో ఉందంటున్నాం.

ఏ ఆయిల్ పడితే అది పోయించొద్దు. ఎర్రగా ఉన్నదల్లా ఒకటి కాదు. బండి పుస్తకంలో రాసిన రకమే పోయాలి. సీవీటీ గేర్‌బాక్సుకి దాని ఆయిల్ పూర్తిగా వేరు. చాలా కొత్త బళ్లకి కొలిచే పుల్ల కూడా ఉండదు. ఆయిల్ ఇంత వేడిలో ఉన్నప్పుడు కింద మర తీస్తే చుక్కచుక్కగా కారాలి, అదే సరైన మట్టం అని లెక్క ఉంటది. కాబట్టి "రెండు లీటర్లు పోశా అన్నా, సరిపోద్ది" అనేవాడి దగ్గర చేయించమాకండి. తీసిన ఆయిల్ మీరే చూడండి. కాస్త ముదురు రంగైతే పర్లేదు. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలినట్టే. అప్పుడు ముందు వైపు ఎన్ని కూలర్లు కట్టినా కాలిన ప్లేటు తిరిగి రాదు. ఆ డబ్బులు దాచిపెట్టుకుంటే రిపేరుకి పనికొస్తాయి. గేర్‌బాక్సు విప్పితే లక్షల్లో మాట అని మీకు చెప్పక్కర్లేదు, అది ఒక ఎకరం మిరప పెట్టుబడి.

ఈ రెండూ చేశాక కూడా అనుమానం ఉంటే, ఊహించొద్దు, కొలవండి. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటది. దానికి పెట్టి ఫోన్‌లో చూసుకునే చిన్న స్కానర్ వెయ్యి, రెండు వేలకి దొరుకుద్ది. అన్ని బళ్లల్లో కాదు గానీ చాలావాటిలో గేర్‌బాక్సు ఆయిల్ వేడి ఎంతో చూపిస్తది. 80 నుంచి 95 డిగ్రీలు మామూలే. మెకానిక్కుల పాత లెక్క ఒకటుంది.. 80 దాటాక ప్రతి 11 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగం అవుద్దని. ఇప్పటి సింథటిక్ ఆయిల్ దానికంటే గట్టిది, అయినా దారి అదే. 115 దాటి చాలాసేపు ఉంటే లోపల జిగురు పొర కట్టడం, ఇంకా పైకి పోతే రబ్బరు సీళ్లు గట్టిపడటం మొదలైద్ది. శుభ్రమైన రేడియేటర్, కొత్త ఆయిల్ ఉండి కూడా ఘాట్‌లో 110, 115 చూపిస్తుంటే అప్పుడు కూలర్ మాట మాట్లాడండి.

ఆ మాటకొస్తే పైసా ఖర్చు లేని కూలర్ మీ చేతిలోనే ఉంది. ఘాట్ ఎక్కేటప్పుడు డి లోనే వదిలెయ్యకుండా మాన్యువల్‌లో పెట్టి రెండో గేరో మూడో గేరో పట్టుకోండి. వేడెక్కిందనిపిస్తే పక్కకి ఆపి, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి ఇంజన్‌ని కాసేపు అట్లాగే నడవనివ్వండి. పంపు తిరుగుతా ఆయిల్‌ని రేడియేటర్‌కి పంపిస్తది. టక్కున ఆపేస్తే కాగిన ఆయిల్ కాగినచోటే ఉండిపోద్ది.

పంపు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. బండి దారిలో ఆగిపోతే మనవాళ్లు వెంటనే ట్రాక్టర్‌కి తాడు కట్టి ఊరిదాకా లాక్కొస్తారు. ఆటోమేటిక్ బండిని అట్లా లాగొద్దు బాబూ. ఇంజన్ ఆగితే ఆ పంపు తిరగదు, చక్రాలు మాత్రం లోపలి భాగాలని ఆయిల్ లేకుండా తిప్పుతా ఉంటయి. పది, ఇరవై కిలోమీటర్లు లాగితే మంచి గేర్‌బాక్సు కూడా పోద్ది. బురదలోంచి నాలుగు గజాలు బయటికి లాగడం వేరు. ఊరు చేర్చాలంటే లారీ మీదో, వ్యాన్ మీదో ఎక్కించాల్సిందే. ఎండ కంటే ఈ తాడు వల్ల పోయే గేర్‌బాక్సుల గురించి భయపడాలి మనం.

ఇంకో మోసం కూడా జరుగుతంది. ఆటోమేటిక్ అన్నవన్నీ ఒకటి కాదు. 2014లో సెలెరియోతో మొదలైన ఏఎంటీ రకం ఉంది చూశారా, అది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం మర చేస్తది. టార్క్ కన్వర్టర్ లేదు, ఆ వేడీ లేదు. దానికి ఆయిల్ కూలర్ అనేది ఎద్దుకి హెడ్‌లైట్ బిగించినట్టు. మా పక్కూరి కుర్రాడొకడికి టౌన్‌లో అట్లాంటి చిన్న బండికే కూలర్ పెడదామని బేరం కుదిర్చారు. ఏ పైపుకి కలుపుతారో చూపించమని అడగరా అంటే అడిగాడు, జవాబు రాలేదు, తిరిగొచ్చేశాడు. డీసీటీల్లో కూడా పొడి క్లచ్ రకం ఉంది. కాగేది ఆ క్లచ్, అది ఆయిల్‌లో మునిగి ఉండదు. ఆయిల్‌ని చల్లబరిచి ఏం లాభం?

మరి ఎవరు పెట్టించుకోవాలి? టార్క్ కన్వర్టర్ ఉన్న పెద్ద బండిని నిండా జనంతో వారానికి రెండుసార్లు తిరుమలకో శ్రీశైలానికో తిప్పేవాళ్లు, కిరాయి బళ్లవాళ్లు. వాళ్లకి నేను వద్దనను, పెట్టించుకోమనే చెబుతా. వారంటీ ఉన్న బండైతే ముందు షోరూంలో అడగండి, ఇట్లాంటి మార్పు చూసి క్లెయిం తిప్పి కొట్టొచ్చు.

ఒక న్యాయమైన కారణం ఇంకోటి కూడా ఉంది. రేడియేటర్ లోపలి ఆ గొట్టం పగిలితే కూలెంట్ పోయి ఆయిల్‌లో కలుస్తది. గులాబీ రంగు మజ్జిగలాగా అయిద్ది, క్లచ్ ప్లేట్ల పూత ఊడిపోద్ది. అమెరికాలో 2005 నుంచి 2010 మధ్య వచ్చిన నిస్సాన్ పాత్‌ఫైండర్, ఫ్రాంటియర్, ఎక్స్‌టెర్రా బళ్లల్లో ఇదే జరిగి కోర్టులదాకా పోయింది. ఆ భయంతో రేడియేటర్‌ని పూర్తిగా తప్పించి బయటి కూలర్ ఒక్కటే పెట్టుకున్నవాళ్లు అక్కడ చాలామంది. పాత బండి కొన్నవాళ్లు కూలెంట్ డబ్బా మూత తీసి, ఆయిల్ తెట్టు ఉందేమో చూసుకోవడం మంచిది.

బిగించేటప్పుడు చూడాల్సినవి చెబుతా. రేడియేటర్ నుంచి గేర్‌బాక్సుకి తిరిగి వచ్చే పైపులోనే కూలర్‌ని కలపాలి, పోయే పైపులో కాదు. ముందు రేడియేటర్ చల్లబరచాలి, మిగిలిన వేడిని కూలర్ తియ్యాలి. కిట్‌తోపాటు ప్లాస్టిక్ పుల్లలు ఇస్తారు, రేడియేటర్ రేకుల్లోంచి గుచ్చి కట్టమని. మన గతుకుల రోడ్లకి అవి రాపిడి పెట్టి రేడియేటర్‌కే బొక్క చేస్తయి. ఇనప పట్టీలు చేయించి బాడీకి బిగించమనండి. పైపు ఈ గేర్ ఆయిల్‌కి తట్టుకునేదే కావాలి, డీజిల్ పైపు ముక్కో నీళ్ల పైపు ముక్కో వేస్తే వేడికి మెత్తబడి ఊడిపోద్ది. సైలెన్సర్ దగ్గరగా పోనివ్వొద్దు. ఆ ఆయిల్ కాలే ఇనుము మీద పడితే మంట లేచుద్ది, బండిలో పిల్లలు ఉంటారు. కూలర్ నిండటానికి పట్టే ఆయిల్ అదనంగా పోసి మట్టం మళ్లీ చూడాలి.

పని అయ్యాక మొదటి ఘాట్ ఎక్కి దిగి ఇంటికొచ్చిన రోజు, బండి కింద ఒక అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచండి. పొద్దున దాని మీద ఎర్ర చుక్క కనపడితే ఆ క్లాంపు బిగించేదాకా బండి తియ్యమాకండి.