గంట విమానం... పూట ప్రయాణం!

లండన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు, ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా, పారిస్ కూడా చూసొద్దాం అనిపించడం మామూలే. తీరా టికెట్టు చేతికొచ్చాక తికమక మొదలవుతుంది. పొద్దున పదింటికి లండన్‌లో ఎక్కితే పన్నెండు ఇరవైకి పారిస్‌లో దిగుతారని ఉంటుంది. తిరుగు ప్రయాణం చూస్తే పదింటికి ఎక్కి పదీ ఇరవైకే లండన్! వెళ్లడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు, రావడానికి ఇరవై నిమిషాలేనా?

కాదు. పారిస్ గడియారం లండన్ కన్నా గంట ముందుంటుంది. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఆ గంటను సరిచేసుకుంటే ఎటైనా పట్టేది గంటా ఇరవై నిమిషాలే.

నిజానికి అదీ ఎక్కువే. హీత్రూ నుంచి పారిస్ ఛార్లెస్ డిగాల్ విమానాశ్రయం 350 కిలోమీటర్లలోపే. గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్‌కి అదో లెక్కా! కానీ పూర్తి ఎత్తుకు చేరీచేరకముందే దిగడం మొదలుపెట్టాలి. రన్‌వే కోసం వరసలో ఆగడం, లండన్ మీద రద్దీ ఉంటే ఆకాశంలోనే చక్కర్లు కొట్టడం... ఇవన్నీ కలిపి వేసిన టైము అది.

అసలు ఖర్చు టికెట్టు మీద కనపడదు. పారిస్ ఉన్నది ఆగ్నేయాన, హీత్రూ ఉన్నది లండన్‌కి పడమర అంచున. అంటే ముందు వ్యతిరేక దిక్కుకు ట్యూబ్ రైల్లో దాదాపు గంట వెళ్లాలి. రెండు గంటల ముందే చేరాలి. అవతల పాస్‌పోర్టు క్యూ, సామాను, ఆపైన ఊళ్లోకి పాతిక కిలోమీటర్లు. వెరసి ఐదారు గంటలు!

1919 ఆగస్టు 25న ఈ రెండు నగరాల మధ్య రోజువారీ విమానం మొదలైంది. ఇప్పటి హీత్రూకి దగ్గర్లోని హౌన్స్‌లో హీత్‌లో బయల్దేరిన ఆ చిన్న విమానంలో ప్రయాణికుడు ఒక్కడే. పట్టిన సమయం సుమారు రెండున్నర గంటలు. ఇవాళ అంతకన్నా తక్కువలో రైలే తీసుకెళ్తోంది. 1994లో సముద్రం కింద సొరంగం తెరిచారు. 2007లో లండన్ వైపు హైస్పీడ్ లైను పూర్తయ్యాక 492 కిలోమీటర్ల దారి రెండుంబావు గంటలకు తగ్గింది. ఎక్కేది, దిగేది ఊరి నడిబొడ్డునే. రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీలూ ఎక్కేముందే అయిపోతాయి కాబట్టి దిగినవాళ్లు నేరుగా బయటికి నడవొచ్చు. కాకపోతే ఆఖరి నిమిషంలో కొంటే టికెట్టు వాచిపోతుంది.

ఎందులో వెళ్లినా బ్రిటన్ వీసాతో పారిస్‌లో అడుగుపెట్టనివ్వరు. షెంగెన్ వీసా విడిగా తీసుకోవాల్సిందే.

పారిస్ నుంచి వచ్చి అదేరోజు లండన్‌లో హైదరాబాద్ విమానం ఎక్కాలనుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. టికెట్లు విడివిడిగా కొన్నప్పుడు మొదటిది ఆలస్యమైందని రెండోది ఆగదు. ఆ గంటా ఇరవై నిమిషాలను నమ్ముకోకుండా ముందురోజు సాయంత్రానికే లండన్ చేరుకోవడం మేలు.