శాలువా సరే, గ్రాట్యుటీ ఏదీ?

ఏప్రిల్ నెల వచ్చిందంటే మన బళ్ళల్లో శాలువాల కాలం మొదలవుతుంది. వేదిక, పూలదండలు, ఫ్రేము కట్టించిన సన్మాన పత్రం, 'ఆమె లేని లోటు తీర్చలేనిది' అన్న మాట. ఈ సభల మీద నాకు చాలాకాలంగా కోపముంది. రిటైరయ్యేవాళ్ళను గౌరవించొద్దని కాదు. ముప్ఫై ఏళ్ళు సుద్దముక్క పట్టుకున్న మనిషిని నలుగురూ కలిసి సాగనంపడం మంచి సంగతే. ఆ గౌరవం ఎవరికి ఏ రూపంలో అందుతోంది, అసలు దేనికి బదులుగా అందుతోంది అన్నదే నా పేచీ.

టీచర్ల సభలే తీసుకోండి. మాస్టారు రిటైరైతే భార్యను పైకి పిలిచి పక్కన కూర్చోబెడతారు. 'ఆయన విజయం వెనుక' ఉన్నందుకు ఆవిడకో చీర. టీచరమ్మ రిటైరైతే భర్తను పిలుస్తారు. ఉద్యోగం చెయ్యనిచ్చినందుకు కాబోలు, ఆయనకీ శాలువా! ఇల్లూ బడీ రెండూ సమర్థించుకొచ్చిందని ఆమెను మెచ్చుకుంటారు గాని, మాస్టారు ఇంటిని ఎలా సమర్థించాడని ఎవరూ అడగరు. ఇక భర్త పోయిన టీచరో, పెళ్ళి చేసుకోని టీచరో అయితే నిర్వాహకులకు కాళ్ళూ చేతులూ ఆడవు. పక్క కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలి? తాంబూలం పళ్ళెంలో కుంకుమ భరిణె ఉంచాలా, తీసెయ్యాలా? నేను వెళ్ళిన ఒక సభకు ముందు స్టాఫ్ రూములో ఈ చర్చ అరగంట సేపు నడిచింది. ఆ లెక్కల టీచరు వినపడేంత దూరంలోనే కూర్చుని ఆఖరి పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది.

అయినా టీచర్ల సంగతి కొంత నయం. 2004 సెప్టెంబరు 1కి ముందు సర్కారు కొలువులో చేరినవాళ్ళకు పాత పెన్షన్ ఉంది. తర్వాత చేరినవాళ్ళు సిపిఎస్ మీద కొట్లాడుతూ వచ్చారు. కొట్లాడ్డానికి వాళ్ళకు సంఘాలున్నాయి. నేను చెప్పదలచుకున్నది ఆ సభల్లో టీ కప్పులు అందించే మనిషి గురించి.

2024 ఏప్రిల్లో కోస్తా జిల్లాలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో ఆయమ్మకు సన్మానం జరిగితే స్నేహితురాలు పిలిచిందని వెళ్ళాను. ఆమె 1998 జూన్‌లో చేరింది. ఎల్‌కేజీ పిల్లల ముక్కులు తుడవడం, తడిసిన చెడ్డీలు మార్చడం, మరుగుదొడ్లు కడగడం, క్లాసులో ఉండగా మొదటిసారి నెలసరి వచ్చిన పిల్లను పక్కకు తీసుకెళ్ళి ధైర్యం చెప్పి ఇంటికి దిగబెట్టడం, ఇవన్నీ ఆమె పనులే. ఆరోజు కూడా కుర్చీలు ఆమే వేసింది, వేసిన చేతులతోనే వేదిక ఎక్కింది. పత్రం రాసిన తెలుగు మాస్టారు ఆమెను యశోదతో పోల్చారు. పత్రంలో రాయడానికి పేరు కావాలి కదా, అందరికీ ఆయమ్మే గనక, ముందురోజు ఆధార్ కార్డు తెమ్మని తెలుసుకున్నారట. శాలువా, గోడ గడియారం, టీచర్లు చందాలేసుకున్న 5,000 రూపాయల కవరు. ఆఖరి నెల జీతం 6,000.

గ్రాట్యుటీ ఇచ్చారా అనడిగితే, "అవి పర్మనెంట్ స్టాఫ్‌కండీ" అన్నారు యాజమాన్యం వారు.

కాదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం అడిగింది అయిదేళ్ళ నిరంతర సేవ, అంతే. పదిమందీ ఆపైన పనిచేసే విద్యాసంస్థలకు దాన్ని 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తింపజేశారు. ఇందులో ఒక విచిత్రముంది. 2004లో సుప్రీంకోర్టు, ఆ చట్టం నిర్వచనం ప్రకారం టీచర్లు 'ఉద్యోగులు' కారంది. 2009లో చట్టాన్ని సవరించి 1997 నుంచే వర్తించేలా టీచర్లను చేర్చారు, ప్రైవేటు స్కూళ్ళు కోర్టుకెక్కాయి, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఈ పాతికేళ్ళ యుద్ధంలో ఆయమ్మ హక్కు మీద ఎవరికీ సందేహమే లేదు. చేత్తో పనిచేసే మనిషి మొదట్నించీ ఆ నిర్వచనంలోనే ఉంది. హక్కు కోసం కొట్లాడాల్సి వచ్చిన వాళ్ళకు దక్కింది, ముందునుంచీ ఉన్నదానికి శాలువా దక్కింది!

లెక్క ఎవరైనా వెయ్యొచ్చు. నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, పనిచేసిన ఏళ్ళతో గుణించాలి. ఆరునెలలు దాటితే ఏడాది కిందే లెక్క గనక ఆమెకు 26 ఏళ్ళు. వచ్చేది 90,000. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది గాని, ఏడాదికి 15 రోజుల జీతమన్న సూత్రం మారలేదు.

'మీరన్నీ ఇలాగే చూస్తారు, ఆమె ఎంత సంతోషపడిందో చూశారా' అంది నా స్నేహితురాలు. చూశాను. ఆమె సంతోషం నిజమే, దాన్ని చిన్నబుచ్చే హక్కు నాకు లేదు. ఇన్నేళ్ళలో మైకులో తన పేరు వినడం అదే మొదలని నాతో తనే అంది. నా కోపమల్లా ఆ సంతోషాన్ని రసీదుగా వాడుకునేవాళ్ళ మీద. యశోద అన్నాక ఇక జీతం మాటెక్కడిది? తల్లికి గ్రాట్యుటీ ఎవరిస్తారు?

సర్కారు బళ్ళూ ఈ విద్యలో వెనకబడి లేవు. మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2009లో కేంద్రం లెక్కగట్టింది నెలకు 1,000, అదీ ఏడాదిలో పది నెలలకే. మన రాష్ట్రాలు తర్వాత తమ వాటా కలిపి పెంచాయి గాని పేరు మాత్రం గౌరవమే. జీతమైతే పిఎఫ్, గ్రాట్యుటీ, సెలవులు అడుగుతారు. గౌరవానికి దణ్ణం పెట్టి ఊరుకోవాలి.

ఇది చదువుతున్న వాళ్ళల్లో చాలామంది రచయిత్రులు, అధ్యాపకులు. లెక్కకు రాని స్త్రీల శ్రమ గురించి సెమినార్లలో పేపర్లు చదివినవాళ్ళం. మనం బస చేసిన గెస్ట్‌హౌసులో దుప్పట్లు ఉతికిందెవరో, మన హాస్టళ్ళలో వండిన మనిషి ఎలా రిటైరైందో ఎన్ని పేపర్లలో ఉంది? పైగా ఈ సన్మాన పత్రాలు రాసిపెట్టమని మన దగ్గరకే వస్తారు, భాష బావుంటుందని. వస్తే మూడు విషయాలు అడుగుదాం: చేరిన తేదీ, ఆఖరి జీతం, చెల్లించిన గ్రాట్యుటీ. ఆ మూడూ పత్రంలో ఉంటేనే రాస్తామని చెబుదాం. యశోదా, అన్నపూర్ణా ఆ తర్వాత.

ఆయమ్మ తరఫున కార్మిక శాఖలో దరఖాస్తు పెడదామని నేనూ నా స్నేహితురాలూ కాగితాలు సిద్ధం చేశాం. ఆమె తలూపింది గాని కూతురు వద్దంది. మనవరాలు అదే బళ్ళో సగం ఫీజుతో ఆరో తరగతి చదువుతోంది. పదో తరగతి అయ్యేదాకా ఆగమని అడిగింది.