సాయంత్రం ఏడింటికి ఫోన్లు పక్కన పెడదాం, వీధంతా ఒకేసారి!



ఈ కాగితం ఏ పార్టీదీ కాదు, చందా కోసం వచ్చిందీ కాదు. రోజూ సాయంత్రం 7 నుంచి 8:30 దాకా రీల్స్, షార్ట్స్, స్టేటస్‌లు, గ్రూపుల్లో ఫార్వర్డులు మన వీధి మొత్తం ఆపేద్దామని అడగడానికి వచ్చింది. ఈ ఆదివారం మొదలు, నెల రోజులు.

"మానాలనే ఉంది, చెయ్యి ఊరుకోదు" అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. తప్పు మీ చేతిది కాదు. దినపత్రికకు చివరి పేజీ ఉంటుంది, సీరియల్‌కు 'సశేషం' పడుతుంది. ఈ తెరకు అడుగే లేదు, నెట్టేకొద్దీ ఇంకొకటి వస్తూనే ఉంటుంది. 2006లో ఆ పద్ధతిని తయారుచేసిన ఏజా రాస్కిన్ అనే డిజైనరు, అది జనం సమయాన్ని ఎంత మింగేస్తోందో చూసి తర్వాత బహిరంగంగానే బాధపడ్డాడు. మీ సమయాన్నీ ధ్యాసనూ వీలైనంత ఎక్కువ ఎలా లాక్కోవాలన్నదే అప్పటి తమ ఆలోచన అని ఫేస్‌బుక్ తొలి అధ్యక్షుడు షాన్ పార్కర్ 2017లో ఒప్పుకున్నాడు. అంతంత బుర్రలు జీతాలు తీసుకుని ఆ పని మీద కూర్చుంటే, ఇక్కడ పదో తరగతి పిల్లాణ్ని "నీకు పట్టుదల లేదురా" అని తిట్టడం ఏం న్యాయం?

ఇక మనసు సంగతి. పొరుగింటి పుల్లకూర రుచి అన్నది ఒకప్పుడు నాలుగిళ్ల వ్యవహారం. ఇప్పుడు ఆ పొరుగు న్యూజెర్సీ దాకా సాగింది. తోటికోడలి గృహప్రవేశం, క్లాస్‌మేట్ ఆఫర్ లెటర్, ఎవరిదో ప్రీ వెడ్డింగ్ షూట్. పడుకునే ముందు ఇవన్నీ వరసగా చూశాక ఉన్న ఇల్లు ఇరుకనిపించదా? వాళ్ల ఈఎమ్ఐలు, ఇంట్లో గొడవలు స్టేటస్‌లో పెట్టరు కదా! ఆడపిల్లలకు ఇది మరీ కష్టం. టీనేజీ అమ్మాయిల్లో ముగ్గురిలో ఒకరికి తమ శరీరం గురించిన బాధను ఇన్‌స్టాగ్రామ్ పెంచుతోందని ఆ కంపెనీ సొంత పరిశోధకులే లోలోపల రాసుకున్నారు. 2021లో ఆ కాగితాలు బయటపడ్డాయి.

"ఎవరికి వాళ్లం మానేస్తే పోదా?" అంటారేమో. పోదు. మా అసలు మాట ఇదే. ఒక్కతే మానేసిన పిల్ల మర్నాడు కాలేజీలో అందరూ నవ్వుకుంటున్న రీల్ తెలియక దిక్కులు చూస్తుంది, సాయంత్రానికి మళ్లీ తెరుస్తుంది. చికాగో విశ్వవిద్యాలయం ఆర్థికవేత్త లియొనార్డో బర్‌స్టిన్, మరికొందరు కలిసి అమెరికా కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. నువ్వొక్కడివే నాలుగు వారాలు టిక్‌టాక్ మానాలంటే ఎంతివ్వాలి అంటే డాలర్లు అడిగారు. అందరూ మానేస్తే అన్నప్పుడు మాత్రం చాలామంది ఎదురు డబ్బివ్వడానికి సిద్ధపడ్డారు! మిగతావాళ్లు ఉన్నారని వీళ్లు, వీళ్లున్నారని మిగతావాళ్లు.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచె వడగావ్ అనే ఊరుంది. కోవిడ్ ఆన్‌లైన్ క్లాసులు అయిపోయినా పిల్లలు ఫోన్లు వదలకపోవడం చూసి, 2022 ఆగస్టులో ఊరంతా కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. సాయంత్రం 7కి గుడి మీది సైరన్ మోగితే టీవీలు, ఫోన్లు ఆపెయ్యాలి. 8:30కి మళ్లీ మోగేదాకా చదువులు, కబుర్లు. మొదట్లో ఇల్లిల్లూ తిరిగి బతిమాలాల్సి వచ్చిందట. మనకూ తప్పదు.

మనకు సైరన్ లేదు. బడి గంట అడిగి తెచ్చాం, రావిచెట్టుకు కడతాం.

ఆపమంటున్నది ఫోన్ మాట్లాడటం కాదు. ఆ వేళకు డాలస్‌లో తెల్లవారుతుంది, కువైట్‌లో డ్యూటీ దిగుతారు, పిల్లలు చేస్తే తీరిగ్గా మాట్లాడండి. ఆటోవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు, లైవ్ పెట్టి చీరలమ్ముకునే అక్కలు మీ పని మీరు చేసుకోండి. జరిమానాలు లేవు, నిఘా లేదు.

మొదటి వారం చిరాకు పుడుతుంది. జేబులో పెట్టుకుని నిగ్రహించుకుంటామంటే కుదరదు, బీరువాలో పెట్టండి. ఏమీ తోచకపోతే తోచకపోనివ్వండి.

దీంతో దిగులంతా పోతుందని మాత్రం చెప్పం. 2018లో నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపిన అమెరికా వాళ్లను పరిశీలిస్తే రోజుకు గంట సమయం మిగిలింది, మనసు కుదుటపడింది, కానీ కొద్దిగానే. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపిస్తున్నా ఈ కాగితం చాలదు. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫోన్‌కు మన గంటతో పనిలేదు.

ఆదివారం సాయంత్రం 6:45కి రావిచెట్టు దగ్గరికి రండి. చాపలు మీరే తెచ్చుకోవాలి. క్యారమ్ బోర్డు ఉన్నవాళ్లు పౌడరు మర్చిపోకండి. చదివాక ఈ కాగితం పక్కింటికి ఇవ్వండి. ఫోటో తీసి గ్రూపులో పెట్టేరు సుమా!

ఇట్లు,
మీ వీధివాళ్లు